‘మై నైబర్ టోటోరో’ పెద్దయ్యాక చూస్తే ఏడుపెందుకు వస్తుంది?

నమస్తే అండి. మీరు అడిగినవి మూడు. చిన్నప్పుడు డీవీడీలో నవ్వుతూ చూసిన ‘మై నైబర్ టోటోరో’ని ఇన్నేళ్లకు మళ్లీ చూస్తే అంత ఏడుపెందుకొచ్చింది, అందులో ఎవరూ చనిపోరు కదా అన్నది మొదటిది. ఆ అక్కాచెల్లెళ్లిద్దరూ అసలు చనిపోయారని నెట్‌లో తిరిగే కథ నిజమేనా అన్నది రెండోది. ఐదేళ్ల మీ పాపకి చూపించవచ్చా, చూపిస్తే ఏ భాషలో అన్నది మూడోది. నేను చేత్తో గీసే యానిమేషన్ నేర్చుకుని, కొన్నాళ్లు స్టూడియోల్లో పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో అదే నేర్పుతున్నాను. ఈ సినిమాని నా విద్యార్థులతో కూర్చుని షాట్ షాట్‌కీ ఆపి చూస్తుంటాను. చెప్పాల్సింది చాలా ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. చిన్నప్పుడు మీరు ఈ సినిమాని చెల్లెలు మేయ్ పక్కన నిలబడి చూశారు, ఇప్పుడు అక్క సత్సుకి పక్కన నిలబడి చూశారు. సినిమా మొదటినుంచీ సత్సుకిదే. అమ్మకు ఏమవుతుందోనని ఆ పిల్ల లోపల దాచుకున్న భయం మీదే కథంతా నడుస్తుంది. నాలుగేళ్ల చెల్లెలికి ఆ భయం కనబడదు. ఆ వయసులో సినిమా చూసే పిల్లలకీ కనబడదు. కనబడకుండానే ప్రతి సీన్లోనూ ఉండేలా దర్శకుడు హయావో మియజాకి దాన్ని గీయించారు.

సినిమా చూడనివాళ్లూ ఇది చదువుతారు కాబట్టి కథ రెండు ముక్కల్లో చెప్తాను. కాలం 1950ల జపాన్. టోక్యోకి దగ్గర్లో ఉన్న ఒక పల్లెకి ఒక తండ్రి, ఆయన ఇద్దరు కూతుళ్లు, పదేళ్ల సత్సుకి, నాలుగేళ్ల మేయ్, ఇల్లు మారతారు. తల్లి చాలాకాలంగా ఆసుపత్రిలో ఉంది. ఆమెకు దగ్గరగా ఉండొచ్చని ఈ పాత ఇంటికి వచ్చారు. ఇంటి వెనక అడవిలో ఒక పెద్ద కర్పూర వృక్షం, దాని తొర్రలో టోటోరో అనే పెద్ద బొచ్చు జీవి. పిల్లలకు అది కనబడుతుంది. మధ్యలో ఆసుపత్రి నుంచి ఒక టెలిగ్రామ్ వస్తుంది, చిన్నపిల్ల తప్పిపోతుంది, దొరుకుతుంది. అంతే కథ. విలన్ లేడు, ఫైట్ లేదు. 86 నిమిషాల్లో అయిపోతుంది.

ఇప్పుడు మళ్లీ చూస్తే ఒక్క సంగతి గమనించండి. టోటోరో ఎప్పుడెప్పుడు వస్తోంది? సినిమా మొదలై దాదాపు అరగంట గడిచేదాకా అది రానే రాదు. మొదటిసారి మేయ్‌కి కనబడినప్పుడు అక్క బడికెళ్లింది, నాన్న తన బల్ల దగ్గర పనిలో మునిగిపోయి ఉన్నారు, పిల్ల ఒంటరిగా ఆడుకుంటోంది. రెండోసారి బస్ స్టాప్ దగ్గర. చీకటి పడింది, వాన, నాన్న రావాల్సిన బస్సులో నాన్న లేరు. మూడోసారి అర్ధరాత్రి, అమ్మ ఇంటికొచ్చే రోజు కోసం పిల్లలు ఎదురుచూస్తున్న రోజుల్లో. ఆఖరిసారి, చెల్లెలు తప్పిపోయి, ఊళ్లో పెద్దలందరూ వెతికి అలిసిపోయాక. పెద్దవాళ్లు పక్కన లేని చోటికే, ఎవరికోసమో ఎదురుచూస్తున్న పిల్లల దగ్గరికే టోటోరో వస్తుంది. వచ్చి అమ్మ జబ్బు నయం చేయదు, ధైర్యం చెప్పదు, ఒక్క మాట కూడా మాట్లాడదు. కాసేపు పక్కన నిలబడుతుంది. చిన్నప్పుడు మనకి అదొక సరదా. ఆ వయసులో ఆ పిల్లలకు అలా ఒకరు పక్కన నిలబడటం ఎంత అవసరమో పెద్దయ్యాక తెలుస్తుంది. మీ ఏడుపు అక్కడిదే అని నేను గట్టిగా నమ్ముతాను.

బస్ స్టాప్ సీన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. యానిమేషన్ నేర్చుకునేవాళ్లకి నేను మొట్టమొదట చూపించే సీన్ అదే. నాన్న గొడుగు తీసుకెళ్లలేదని పిల్లలిద్దరూ గొడుగు పట్టుకుని ఎదురెళ్తారు. బస్సొస్తుంది, కండక్టర్ ఎక్కుతారా అని అడుగుతుంది, నాన్న దిగరు, బస్సు వెళ్లిపోతుంది. పక్కనే ఉన్న చిన్న గుడిలో నక్క విగ్రహాలు చూసి మేయ్ బెదురుతుంది. వెలుతురు తగ్గుతుంది, వీధి దీపం వెలుగుతుంది, మేయ్ నిలబడే కునుకుతుంది. అప్పుడు సత్సుకి చెల్లెల్ని వీపున ఎక్కించుకుని, గొడుగు కాడని మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుంటుంది. ఆ ఒక్క కదలికని ఎంతసేపు చూసినా తనివి తీరదు నాకు. నిద్రపోయిన పిల్ల బరువు ఎలా ఉంటుందో, అది జారిపోతుంటే ఎలా ఎగదోసుకుంటారో, చేతులు ఖాళీ లేనప్పుడు గొడుగు ఎలా ఆపుకుంటారో, అంతా ఉంది. పసిపిల్లల్ని ఎత్తుకుని వానలో నిలబడినవాళ్లెవరైనా దాన్ని చూడగానే గుర్తుపడతారు. పదేళ్ల పిల్ల అది అంత బాగా చేస్తోందంటే చాలాసార్లు చేసిందని అర్థం. ఆ సంగతి సినిమాలో ఎవరూ నోటితో చెప్పరు.

ఆ సీన్లో దాదాపుగా మాటల్లేవు. జో హిసాయిషి సంగీతం కూడా చాలా పొదుపుగా వాడారు. వాన చప్పుడు, ఒక కప్ప నడుచుకుంటూ పోవడం, అంతే. గొడుగు అంచు కింద నుంచి సత్సుకికి ముందు పెద్ద గోళ్లున్న పాదాలు కనబడతాయి. టోటోరో నెత్తిన ఒక ఆకు. సత్సుకి నాన్న కోసం తెచ్చిన గొడుగుని దానికి ఇచ్చేస్తుంది. దాని మీద చినుకులు టపటపా పడుతుంటే టోటోరో కళ్లు పెద్దవవుతాయి, ఒళ్లు పులకరిస్తుంది, ఎగిరి దూకుతుంది, చెట్లమీది నీళ్లన్నీ ఒక్కసారిగా కురుస్తాయి. చిన్నప్పుడు మీరు పకపకా నవ్విన చోటు ఇదే అయుండాలి. ఇప్పుడు చూస్తే, నాన్న ఇంకా రాలేదన్న టెన్షన్ సత్సుకి ముఖం మీద నుంచి మొదటిసారి పోయిన క్షణం కూడా అదే. నాన్న తరువాతి బస్సులో వస్తారు. రైలు ఆలస్యమై బస్సు అందలేదంటారు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. పిల్లల ప్రపంచంలో మాత్రం ఆ అరగంట చాలా పెద్దది.

ఇక సత్సుకి. ఈ పిల్ల సినిమా అంతా పరుగెత్తుతూనే ఉంటుంది, నవ్వుతూనే ఉంటుంది. పొద్దున్నే నాన్న లేవకపోతే తనే అన్నం వండి ముగ్గురికీ డబ్బాలు కడుతుంది. చిన్నప్పుడు ఆ డబ్బా సీన్ చూసి తిండి మీద మనసు పోతుంది. ఇప్పుడు గడియారం వైపు చూస్తాం, బడికి టైమవుతోంది కదా అని. ఆసుపత్రికి వెళ్లినప్పుడు మేయ్ పరుగున వెళ్లి అమ్మ మీద వాలిపోతుంది. సత్సుకి తన వంతు కోసం ఆగుతుంది. తర్వాత అమ్మ ఆమె తల దువ్వుతుంది. జుట్టు మరీ పొట్టిగా లేదా అంటుంది అమ్మ, నాకిదే ఇష్టం అంటుంది పిల్ల. పెద్దయ్యాక నీలాగే అవుతుందా నా జుట్టు అని అడుగుతుంది. అమ్మ ఇంట్లో లేని పదేళ్ల పిల్లకి జడ ఎవరు వేస్తారు? జుట్టు పొట్టిగా ఉండటానికి అదే కారణమని సినిమా చెప్పదు, నేను అలా చదువుకున్నాను. మీకు ఆడపిల్ల ఉందన్నారు కాబట్టి ఆ సీన్ మీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

ఈ పిల్ల ఒకే ఒక్కసారి తెగిపోతుంది. అమ్మ వారాంతంలో ఇంటికి రావాల్సి ఉంటే ఆసుపత్రి నుంచి టెలిగ్రామ్ వస్తుంది. ఇంట్లో ఫోన్ లేదు. పరుగున వెళ్లి ఊళ్లో పెద్దింటి ఫోన్ నుంచి టోక్యోలో యూనివర్సిటీలో ఉన్న నాన్నకు చేస్తుంది. అమ్మకు జలుబు చేసింది, ప్రయాణం వాయిదా పడింది, అంతే అని తెలుస్తుంది. మేయ్ ఒప్పుకోదు, అమ్మ రావాల్సిందేనని ఏడుస్తుంది. అయితే అమ్మ చచ్చిపోయినా నీకు ఫర్వాలేదా అని సత్సుకి అరుస్తుంది. తర్వాత పక్కింటి బామ్మ ఎండిన బట్టలు తీయడానికి వచ్చినప్పుడు, పోయినసారి కూడా ఇలాగే అన్నారు, కొన్నాళ్లే, చిన్న జలుబే అన్నారు, అమ్మకేమైనా అయితే ఎలా అని నోరు తెరిచి భోరుమంటుంది. అప్పటిదాకా సినిమాలో చూసిన నవ్వులన్నిటి వెనకా ఏముందో ఆ ఏడుపుతో తెలిసిపోతుంది. దాన్ని కొంచెం దూరంలో నిలబడి మేయ్ చూస్తుంది. అక్క కూడా ఏడుస్తుందని ఆ చిన్నపిల్లకి మొదటిసారి తెలుస్తుంది. బామ్మ తోటలో పండింది తింటే అమ్మకు తగ్గిపోతుందని అంతకుముందు విన్న మాట పట్టుకుని, మొక్కజొన్న పొత్తు ఒకటి గుండెకు హత్తుకుని, పెద్దవాళ్ల నడకకే మూడు గంటలు పట్టే ఆసుపత్రికి ఒంటరిగా బయల్దేరుతుంది.

ఆ ఏడుపు మొదట కథలో లేదట. ఈ సినిమా తీసిన జిబ్లీ స్టూడియోలో మియజాకి పక్కనే ఉండి పనిచేసిన తొషియో సుజుకి ఈ ముచ్చట చెప్పారు. ఇంత మంచిపిల్ల ఎక్కడుంటుంది, చిన్నప్పుడే ఇంటి చాకిరీ అంతా చేసిన పిల్ల పెద్దయ్యాక దారి తప్పుతుంది అని ఆయన అంటే, నేను చేశాను కదా అని మియజాకి కోపం తెచ్చుకున్నారట. ఆ తర్వాతే సత్సుకి ఏడ్చే సీన్ వచ్చింది. ఆ కోపం ఉత్తిదేం కాదు. మియజాకి 1941లో పుట్టారు. నలుగురు అన్నదమ్ముల్లో రెండోవాడు. ఆయనకు ఆరేళ్లున్నప్పుడు వాళ్లమ్మకు వెన్నెముకకు క్షయ వచ్చి, దాదాపు తొమ్మిదేళ్లు మంచం పట్టారు. సినిమాలో తల్లి జబ్బు పేరు ఎక్కడా చెప్పరు. కానీ ఊరికి దూరంగా చెట్ల మధ్య పొడుగ్గా ఉన్న ఆ ఆసుపత్రిని, నెలల తరబడి అక్కడే ఉండటాన్ని చూస్తే ఆ కాలం జపాన్ ప్రేక్షకులకు చెప్పకుండానే తెలుస్తుంది. మన వైపు కూడా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో నెలలు గడిపినవాళ్లున్న కుటుంబాలకి ఆ కిటికీ, ఆ తెల్ల మంచం కొత్తగా అనిపించవు.

ఇక్కడే ఇంకో మాట. తప్పిపోయిన మేయ్ దొరికాక, పిల్లి ఆకారంలో ఉండే మాయ బస్సు, అదే పిల్లి బస్సు, పిల్లలిద్దర్నీ ఆసుపత్రి దగ్గరికి తీసుకెళ్తుంది. వాళ్లు లోపలికి వెళ్లరు. చెట్టు కొమ్మ మీద కూర్చుని కిటికీలోంచి అమ్మానాన్నల్ని చూస్తారు. ఆ సమయంలో లోపల అమ్మ ఏమంటోందో చిన్నప్పుడు ఎవరమూ వినం. పైకి కనబడే దానికంటే ఆ పిల్లలు చాలా ఓర్చుకుంటున్నారు, సత్సుకి చెప్పిన మాట వినే పిల్ల కాబట్టి దాన్ని తలుచుకుంటే మరీ జాలేస్తుంది, ఇంటికెళ్లాక వాళ్లని కావలసినంత గారాబం చేస్తాను అంటుంది. అంటే తల్లికి అంతా తెలుసు. పెద్దకూతురు దాచుకున్నదంతా మంచం మీద నుంచే చూసింది. ఆ మాట సత్సుకికి వినబడిందో లేదో సినిమా చెప్పదు. మీకు ఏడుపు ఎక్కడ మొదలైందో మీరు రాయలేదు. నా విద్యార్థుల్లో ఇంటికి పెద్దకూతుళ్లైన అమ్మాయిలకు మాత్రం ఎక్కువగా ఇక్కడే గొంతు పూడుకుపోతుంది.

తండ్రి గురించి కూడా పెద్దయ్యాక అభిప్రాయం మారుతుంది. కొందరు తల్లిదండ్రులు ఈయన మీద విసుక్కుంటారు. పుస్తకాల్లో తల దూర్చి నాలుగేళ్ల పిల్లని గాలికొదిలేశాడని. ఆ విసుగు నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. ఆయన పొద్దున్నే లేవలేడు, డబ్బా కట్టడం మరిచిపోతాడు, బస్సు అందుకోలేడు. భార్య ఆసుపత్రిలో, తాను ఇంట్లో ఇద్దరు పిల్లలతో, యూనివర్సిటీ పనితో నెట్టుకొస్తున్న మనిషి. కానీ మేయ్ అడవిలో టోటోరోని చూశానని చెప్పి, మళ్లీ దారి దొరక్క, నేను అబద్ధం చెప్పట్లేదని ఏడవబోయినప్పుడు ఆయనేం చేస్తాడో చూడండి. నువ్వు అబద్ధం చెప్పావని నేననుకోవట్లేదు, నీకు ఈ అడవి దొర కనబడి ఉంటాడు, అది అదృష్టం, ఎప్పుడూ కనబడరు అంటాడు. అక్కడితో ఆగడు. ఇద్దర్నీ తీసుకెళ్లి ఆ చెట్టుకి దండం పెట్టి, మా మేయ్‌ని చూసుకున్నందుకు కృతజ్ఞతలు అని చెప్తాడు. గాలివాన రాత్రి ఇల్లు ఊగుతుంటే, గట్టిగా నవ్వండి, భయపెట్టేవన్నీ పారిపోతాయి అని తనే ముందు నవ్వుతాడు. ఆయనకీ భయమేస్తోందని ఈసారి కనబడింది నాకు. ఆ పాత్రకు గొంతిచ్చిన షిగెసాటో ఇతోయి నటుడు కాదు, ప్రకటనలకు కాపీ రాసే రచయిత. సినిమా పోస్టర్ మీది వాక్యం కూడా ఆయనదే. ఆ గొంతులో నాటకీయత లేకపోవడం వల్లే ఆ తండ్రి మన పక్కింటాయనలా ఉంటాడు.

పక్కింటి కుర్రాడు కంటా సంగతి వదిలేయలేను. వానలో తడుస్తున్న అక్కాచెల్లెళ్లకి మాట్లాడకుండా గొడుగు చేతికిచ్చి తాను తడుస్తూ పరుగెత్తుతాడు. ఇంటికెళ్లి గొడుగు మరిచిపోయానని చెప్పి అమ్మ చేత దెబ్బ తింటాడు. నిజం చెప్పడు. చెల్లెలు తప్పిపోయినప్పుడు అందరికంటే ముందు సైకిలెక్కేది కూడా వాడే. రాత నేర్చుకునేవాళ్లకి ఒక పాత్రని ఎలా తయారుచేయాలో చెప్పమంటే నేను వీణ్ణే చూపిస్తాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. పిల్లలు చనిపోయారన్న కథ. అది అబద్ధం. ఇందులో నాకు రవ్వంత కూడా మొహమాటం లేదు. ఆ కథ ఇలా నడుస్తుంది: చెరువులో దొరికిన చెప్పు మేయ్‌దే, టోటోరో అంటే చావు దేవత, చివర్లో పిల్లలకు నీడలుండవు, ఇదంతా 1963లో జపాన్‌లోని సయామా ప్రాంతంలో జరిగిన ఒక హత్య మీద తీశారు. ఈ పుకారు జపాన్‌లో ఎంత ముదిరిందంటే 2007లో జిబ్లీ స్టూడియోనే అలాంటిదేమీ లేదని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. నీడల సంగతి కూడా వాళ్లే చెప్పారు, ఆ సీన్లలో అవసరం లేదని వేయలేదు, అంతే.

పనిచేసినవాడిగా దీనికి ఇంకొంచెం వివరం ఇస్తాను. ఈ సినిమా వచ్చిన 1988 నాటి యానిమేషన్‌లో బొమ్మని పారదర్శకమైన సెల్ షీట్ మీద ట్రేస్ చేసి, వెనకవైపు చేత్తో రంగు వేసేవాళ్లు. నీడ అంటే ప్రతి బొమ్మకీ అదనపు పని, అదనపు రంగు. వెలుతురు మెత్తగా ఉన్న సాయంకాలం సీన్లలో నేల మీది నీడల్ని వదిలేయడం మామూలు విషయం. ఇక చెప్పు సంగతికొస్తే, అది మేయ్‌ది కాదని సత్సుకి స్వయంగా చూసి చెప్తుంది. పేర్లు పడేటప్పుడు వచ్చే బొమ్మల్లో అమ్మ కారు దిగి ఇంటికొస్తుంది, పిల్లలు ఆమెతో కలిసి స్నానం చేస్తారు, కథలు చదివించుకుంటారు, ఊరి పిల్లలతో ఆడతారు. పెద్దలెవరికీ కనబడని దెయ్యాలు ఆ పని చేయలేవు కదా.

అయితే అంత మంది పెద్దవాళ్లు ఆ కథని ఎందుకు నమ్మారన్నది ఆలోచించదగ్గ ప్రశ్నే. మీకొచ్చిన ఏడుపే వాళ్లకీ వచ్చింది. సినిమాలో చావు భయం నిజంగా ఉంది. చెరువు గట్టున బామ్మ ఆ చెప్పు పట్టుకుని కూర్చుని జపం చేస్తుంటే, మగవాళ్లు కర్రలతో నీళ్లలో వెతుకుతుంటే, అది సరదా సీన్ కాదు. అంత భయం వేసింది కాబట్టి ఎక్కడో ఒక చావు దాచి ఉంటారని వెతుక్కున్నారు. దాచినదేమీ లేదు. అమ్మ చచ్చిపోతుందేమోనని రోజూ భయపడుతూ, బడికెళ్తూ, డబ్బాలు కడుతూ, నవ్వుతూ ఉండటమే అందులో ఉన్న దుఃఖం. దాన్ని హత్య కథగా మార్చేస్తే సత్సుకి అంతసేపు ఓర్చుకున్నదంతా ఎందుకూ కాకుండా పోతుంది. నాకు కోపం వచ్చేది అందుకే.

ఇద్దరు అక్కాచెల్లెళ్లు కూడా మొదట లేరు. మియజాకి అనుకున్నది ఒకే పిల్ల. జపాన్‌లో సినిమా పోస్టర్ చూడండి, బస్ స్టాప్‌లో టోటోరో పక్కన ఒక్క అమ్మాయే ఉంటుంది. ఆ అమ్మాయి అటు సత్సుకీ కాదు, ఇటు మేయ్ కూడా కాదు, ఇద్దరి పోలికలూ కలిసి ఉంటాయి. ఒక పిల్లని రెండుగా విడదీయడం వల్లే ఈ సినిమా ఇన్నిసార్లు చూడటానికి నిలబడింది. అద్భుతాన్ని చూసి సంబరపడేది ఒకరు, బాధ్యత మోసేది ఒకరు. మొదట ఒకరితో చూస్తాం, తర్వాత ఇంకొకరితో చూస్తాం.

ఈసారి చూసినప్పుడు బొమ్మలు గీసిన తీరు మీద కూడా కన్నేయండి. పాత్రల అంచు గీతలు నల్లగా ఉండవు, గోధుమరంగులో ఉంటాయి. అందుకే బొమ్మ వెనకున్న పొలాల్లో, చెట్లలో కలిసిపోతుంది, అతికించినట్టుండదు. బ్యాక్‌గ్రౌండ్ చిత్రాలకు ఆర్ట్ డైరెక్టర్ కజువో ఓగా. గట్ల మీది కలుపు మొక్కలు కూడా ఏ నెలలో ఏవి ఉంటాయో చూసి వేసినట్టుంటాయి. నీళ్లు పారే కాలువ, పుచ్చిపోయిన వరండా స్తంభం, పంపు కొడితే ముందు వచ్చే మురికి నీళ్లు, ఇవేవీ చిన్నప్పుడు పట్టించుకోం. ఆ ఊరికి ఆధారం సైతామా జిల్లాలోని తొకొరొజావా, దాని పక్కనున్న సయామా కొండలు. మియజాకి ఇల్లు ఆ వైపే. టోక్యో విస్తరించి ఆ అడవులు ఇళ్ల స్థలాలుగా మారిపోతుంటే, అక్కడివాళ్లు టోటోరో పేరుతో ఒక నిధి పెట్టి, చందాలు పోగుచేసి, 1991 నుంచి అడవి ముక్కలు కొని కాపాడుతూ వస్తున్నారు. ఒక బొమ్మ పేరు చెప్పి నిజంగా చెట్లు నిలబెట్టడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

మీ మూడో ప్రశ్న. ఐదేళ్ల పాపకి నిస్సంకోచంగా చూపించండి, కానీ ఒంటరిగా వదలకండి. మేయ్ తప్పిపోయిన దగ్గర్నుంచి పిల్లి బస్సు వచ్చేదాకా పక్కన కూర్చోండి. కొందరు పిల్లలు ఆ బస్సు పళ్లికిలింపు చూసి కూడా బెదురుతారు, ఒక్క నిమిషంలో సర్దుకుంటారు. ఇంట్లో ఎవరైనా ఇప్పుడు ఆసుపత్రిలో ఉంటే మాత్రం కొన్నాళ్లు ఆగి చూపించండి, లేదా ముందే అమ్మ క్షేమంగా ఇంటికొస్తుందని చెప్పేయండి. చివరి పేర్లు పడుతుంటే టీవీ కట్టేయకండి, అమ్మ ఇంటికొచ్చేది అక్కడే. తండ్రీ కూతుళ్లు కలిసి స్నానం చేసే సీన్ చూసి మన ఇళ్లలో కొందరు ఇబ్బంది పడతారు. జపాన్‌లో చిన్నపిల్లలున్న ఇళ్లలో పెద్దతొట్టిలో అందరూ కలిసి స్నానం చేయడం మామూలు అలవాటు, అంతకు మించి అందులో ఏమీ లేదు.

భాష విషయంలో నా ఓటు జపనీస్‌కే. నెట్‌ఫ్లిక్స్‌లో సబ్‌టైటిల్స్‌తో చూడొచ్చు. మీ పాప ఇంకా చదవలేదు కాబట్టి మీరే తెలుగులో చెప్తూ చూడండి. మాటలు తక్కువ, పెద్ద కష్టమేమీ కాదు. ఇంగ్లీష్ అలవాటైన పిల్లలైతే 2005లో చేసిన డబ్బింగ్ బాగుంటుంది. అందులో సత్సుకికి డకోటా ఫానింగ్, మేయ్‌కి ఎల్ ఫానింగ్ గొంతిచ్చారు, వాళ్లు నిజంగానే అక్కాచెల్లెళ్లు. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకునే తీరు అందులో చక్కగా వచ్చింది.

ఒక్క హెచ్చరిక. ఈ సినిమా నచ్చాక నెట్‌లో వెతికితే 1988 ఏప్రిల్ 16న జపాన్ థియేటర్లలో దీనితో పాటు ఒకే టికెట్ మీద ఆడిన రెండో సినిమా కనబడుతుంది, ఇసావో తకాహతా తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’. అదీ ఇద్దరు తోబుట్టువుల కథే, పోస్టర్ కూడా ముద్దుగా ఉంటుంది. కానీ అది యుద్ధకాలంలో ఆకలితో పోయిన పిల్లల కథ. గొప్ప సినిమా, మీరు తప్పకుండా చూడాలి, పాప నిద్రపోయాక, మర్నాడు సెలవున్న రోజు చూడండి. పాపకి మాత్రం టోటోరో తర్వాత ‘పోన్యో’ పెట్టండి. అదీ మియజాకిదే, 2008లో వచ్చింది, ఐదేళ్ల పిల్లాడే అందులో హీరో.